మత్తు డాక్టరు అడిగిన ప్రశ్న

ఉదయం ఆరూ ఇరవైకి మా రత్నమక్క అంట్లు తోముతూ మధ్యలో ఆపి, చేతిలో గిన్నె పక్కన పెట్టి, దొడ్లో నేలమీదే కూర్చుంది. రోజూ ఆ వేళకి నేను నడక ముగించుకుని వాళ్ళింటికి టీకి వెళ్ళేవాణ్ణి. గోడ గడియారానికి ఎదురుగా కూర్చునేవాణ్ణి కాబట్టి టైము గుర్తుంది. అక్క పడిపోలేదు, కళ్ళు తిరగలేదు. ఊరికే కూర్చుంది.

"ఏటక్కా?" అన్నాను.

"ఏటీ నేదురా. ఓపిక సాలక కూకున్నాను."

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ఒక పని మధ్యలో ఆపి కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. అయినా పెద్ద సంగతి అనుకోలేదు. అది జనవరి, బెల్లం సీజను. మా బావ సన్యాసిరావుకి అనకాపల్లి బెల్లం మార్కెట్లో కమీషను కొట్టు ఉంది. ఆ నెలల్లో పొద్దున్నే వెళ్ళిపోతాడు. ఆయనకు ఫోను చేయాలని కూడా నాకు తోచలేదు. కాసేపటికి అక్క లేచి మిగిలిన అంట్లు తోమింది.

తర్వాత రెండు వారాల్లో అలా మూడుసార్లు కూర్చుంది. మెడ దగ్గర జాకెట్టు వదులైంది. అనకాపల్లిలో మేం చూపించుకునే డాక్టరు కనురెప్ప కిందికి లాగి చూసి, రక్తం పరీక్ష రాశాడు. రిపోర్టు చూసి, వయసు మళ్ళిన మనిషికి రక్తం ఇంత తగ్గితే అది ఎక్కడికి పోతోందో వెతకాలన్నాడు. విశాఖలో వెతికారు. పెద్దపేగులో గడ్డ ఉంది. ముక్క తీసి పరీక్షకు పంపారు.

రిపోర్టు వచ్చిన రోజు డాక్టరు నన్నూ బావనూ మాత్రమే లోపలికి పిలిచాడు. అక్క బయట హాల్లో కుర్చీలో కూర్చుంది. మేం తిరిగొచ్చి, "గడ్డ తీసేయాలంట" అన్నాం. "అలాగే" అంది. ఆ హాల్లో మూడు గంటలు కూర్చున్న మనిషికి, చుట్టూ ఉన్నవాళ్ళు ఏ జబ్బుతో వచ్చారో తెలియకుండా ఉండదు. మేం జబ్బు పేరు ఎత్తలేదు, ఆమె అడగలేదు. మా ఇంట్లో అది మామూలు. ఒకరి మనసు నొప్పించే మాట ఉంటే దాన్ని అందరం చుట్టుతిరిగి నడుస్తాం. దాన్నే మేం మర్యాద అనుకున్నాం.

ఫిబ్రవరి మొదటివారంలో ఆపరేషనుకు తేదీ ఇచ్చారు. అప్పటికి ఆపరేషను ఇంకా రెండు వారాలుంది. ఈలోపు రక్తం పట్టడానికి ఐరన్ ఎక్కించారు. మత్తుకు తట్టుకుంటుందో లేదో చూడాలని మత్తు డాక్టరు దగ్గరికి పంపారు. అంతవరకు నాకు ఆ పనిమీద పెద్ద గౌరవం లేదు. కోసేది సర్జను, నిద్రపుచ్చేది మత్తు డాక్టరు అని మాత్రమే తెలుసు. ముప్పై ఏళ్ళు కాలేజీ లైబ్రరీలో పుస్తకాల మధ్య ఉన్నవాణ్ణి, అయినా అంతే తెలుసు.

నలభై దాటిన ఆవిడ. చిన్న గది. అక్క ఎదురుగా, నేను పక్కన, బావ తలుపు దగ్గర స్టూలు మీద.

"పేరేంటమ్మా?"

"నూకరత్నం" అన్నాను నేను.

"వయసు?"

"యాభై ఎనిమిది" అన్నాడు బావ.

"ఆవిడకి మాటలు వచ్చు కదా?" అంది డాక్టరు, నవ్వుతూనే.

"వత్తాయమ్మా" అంది అక్క. "ఈళ్ళు ఎప్పుడాపితే అప్పుడు సెప్తాను."

అందరం నవ్వాం. నవ్వాక కూడా నేనూ బావా మానలేదు. బీపీ ఉందా అంటే నేను చెప్పాను. నిద్ర పడుతుందా అంటే బావ చెప్పాడు. మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుందా అన్నప్పుడు మాత్రం అక్క, "మా ఇంటికి మెట్లు నేవమ్మా" అంది.

డాక్టరు నోరు తెరవమంది. మత్తులో ఊపిరి గొట్టం వేయాలంటే నోరు ఎంత తెరుచుకుంటుందో, ఏ పన్ను కదులుతోందో చూడాలట. టార్చి వేసి చూసింది. అంగిలి మీద వెలుతురు కాసేపు ఆపింది. తర్వాత టార్చి ఆర్పి అడిగింది.

"చుట్ట తాగుతావా అమ్మా?"

ఇక్కడ ఆగి ఒక సంగతి చెప్పాలి. మా వైపు కొంతమంది ఆడవాళ్ళు చుట్టను నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని తాగుతారు. అడ్డపొగ అంటారు. ఆ సెగకు అంగిలి మాడి మచ్చలు పడుతుంది. మాది దేవరాపల్లి దగ్గర చిన్న ఊరు. చెరుకు గానుగ ఆడే రోజుల్లో, బెల్లం పెనం దగ్గర పనిచేసే ఆడవాళ్ళందరూ అలాగే తాగేవారు. మా అమ్మ తాగేది. పద్నాలుగేళ్ళకి అక్కకు అబ్బింది. పెళ్ళయి పట్నం వచ్చాక, వ్యాపారస్తుల ఇంట్లో ఇదేటి, మానెయ్యమని బావ ఆమెచేత చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. ఆమె వేసింది. మానలేదు. స్నానాల గది వెనక రోజుకు రెండు, మూడు తాగేది. సంతలో కొని, పాత పేపర్లో చుట్టి తెచ్చిచ్చేవాణ్ణి నేనే. ముప్పై ఏళ్ళుగా తెచ్చాను. ఆ గదిలో కూర్చున్నప్పుడు నా చేతిసంచిలో, రిపోర్టుల ఫైలు కింద, ఆ వారం తెచ్చిన కట్ట ఉంది.

అక్క నోరు తెరవబోయింది. వెనక స్టూలు మీద బావ ఉన్నాడు. నేను ముందే అనేశాను.

"చిన్నప్పుడు ఊళ్ళో అలవాటుండేది మేడమ్. ఎప్పుడో మానేసింది."

"ఎన్నేళ్ళయింది?"

"పదిహేనేళ్ళు దాటింది."

ఆ పదిహేను ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు. డాక్టరు నావైపు చూడలేదు. అక్కనే చూస్తోంది.

"అవునా అమ్మా?"

అక్క నాకేసి చూసింది. "తమ్ముడు సెప్పేడు గదా" అంది.

డాక్టరు కలం పట్టుకుని వెంటనే రాయలేదు. "ఇప్పుడు తాగుతున్నా చెప్పండి. తిట్టడానికి కాదు. దాన్నిబట్టి మేం చేసే పని మారుతుంది. అవసరమైతే సర్జన్‌తో మాట్లాడి తేదీ కొంచెం జరిపి, ఊపిరితిత్తుల్ని సిద్ధం చేసుకుంటాం" అంది.

తేదీ జరపడం అనే మాట నాకు ఎక్కువ వినపడింది. ఆ తేదీ కోసం ఎన్ని హాళ్ళలో కూర్చున్నామో గుర్తొచ్చింది. గడ్డ ఒక్కరోజు ఎక్కువ ఉన్నా పాకిపోతుందని నా భయం. "లేదు మేడమ్" అన్నాను. ఆవిడ రాసుకుంది.

మూడు చిన్న బంతులున్న ప్లాస్టిక్ పరికరం ఒకటి ఇచ్చింది. గొట్టంలోంచి గాలి లోపలికి పీలిస్తే బంతులు పైకి లేవాలి. గంటకు పదిసార్లు పీల్చమంది. రోజూ నడవమంది. ఆపరేషను తర్వాత దగ్గడం, లేచి కూర్చోవడం, నడవడం, వీటి మీదే సగం ఆధారపడి ఉంటుందని చెప్పింది. మేం తలలూపాం.

ఇంటికొచ్చాక అక్క ఆ పరికరంతో కుస్తీ పట్టింది. ఒక బంతి లేచేది. రెండోది అడుగునే వణికేది.

"ఏటిరా ఇది, తీర్థంలో పిల్లలాడుకునేదానికి మల్లే ఉంది. నువ్వూదు."

"ఊదడం కాదక్కా, పీల్చాలి."

నేను పీలిస్తే మూడూ లేచాయి. అక్క నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నాకంటే మూడేళ్ళే పెద్దది. ఆ రెండో బంతి లేవకపోవడం నేను రోజూ చూశాను. చూసి, ఫోను తీసి డాక్టరుకు చెప్పొచ్చు. కాగితం మీద నంబరు ఉంది.

ఆసుపత్రిలో చేరాల్సిన రోజు మధ్యాహ్నం బట్టలు సర్దుతూ అడిగింది. "ఒక్కటియ్యిరా. రేపట్నుంచి ఎలాగూ కుదరదు." ఇచ్చాను. స్నానాల గది వెనక్కి వెళ్ళింది. ఆటో వచ్చి నిలబడితే, పుక్కిలించి, తమలపాకు నమిలి వచ్చి ఎక్కింది. ముందు సీట్లో బావ వెనక్కి తిరగలేదు.

మర్నాడు ఉదయం లోపలికి తీసుకెళ్ళేటప్పుడు మత్తు డాక్టరు తలుపు దాకా వచ్చింది. అక్క భుజం మీద చెయ్యి వేసి, వీపులో సన్నటి గొట్టం పెడతానని, దాంతో నొప్పి తగ్గి బాగా దగ్గగలవని చెప్పింది. "నువ్వు లేసీదాకా ఉంటావా అమ్మా?" అంది అక్క. "లేచాక కూడా ఉంటాను" అందావిడ.

అయిదు గంటలు. సర్జను బయటికొచ్చి, బాగా జరిగింది, గడ్డ మొత్తం తీసేశాం అన్నాడు. బావ ఆయనకు దండం పెట్టాడు. ఇద్దరం కిందికెళ్ళి ఇడ్లీ తిన్నాం. ఆ రోజుల్లో నేను రుచి తెలిసి తిన్నది అదొక్కటే. తిరిగొచ్చేసరికి మత్తు డాక్టరు మెట్ల దగ్గర ఎదురైంది. ఆవిడ సర్జనులా మాట్లాడలేదు.

"లోపల కఫం చాలా ఉంది. గొట్టం తీశాం. కానీ ఊపిరి నేను అనుకున్నంత తేలిగ్గా లేదు. ఈ మూడు రోజులు చూడాలి" అని ఒక క్షణం ఆగింది. నేను ఏదైనా చెబుతానని ఆగిందని ఇప్పుడు అనుకుంటున్నాను. పక్కన బావ ఉన్నాడు. నేను చెప్పలేదు.

రెండోరోజు అక్క దగ్గలేకపోయింది. దగ్గు గొంతులోకి వచ్చి ఆగిపోయేది. కఫం కదులుతున్న చప్పుడు మంచం పక్కన నిలబడితే వినిపించేది. పైడమ్మ అని ఒక ఆయా ఉండేది. దిండు మడిచి అక్క కడుపుకు ఆనించి, తన రెండు చేతులూ దానిమీద వేసి, "నాను పట్టుకున్నానమ్మా. కుట్లెక్కడికీ పోవు. దగ్గు. ఇంకోపాలి. ఆఁ, పాడుదాన్ని బయటికి తొయ్యి" అనేది. అది ఆమె పని కాదు. ఆమె డ్యూటీ అయిపోయాక కూడా గంటసేపు అలా పట్టుకుంది.

ఆ సాయంత్రం నుంచి అక్క చేతులు నిలకడగా లేవు. దుప్పటి పీకేది, సూదులు పీకేది. నన్ను చూసి, "ఇంటికెల్దారి పద" అనేది. మూడోరోజు జ్వరం వచ్చింది. గోళ్ళు నీలంగా మారాయి. పదకొండు గంటలకు నిమోనియా అన్నారు. మళ్ళీ గొట్టం వేసి, ఊపిరి మిషను పెట్టారు.

మధ్యాహ్నం నేను మత్తు డాక్టరు కోసం ఐసీయూ బయట నిలబడ్డాను. ఆవిడ రాగానే చెప్పేశాను. ముందుమాట ఏమీ పెట్టుకోలేదు.

"ఎప్పటిదాకా తాగింది?"

"చేరిన రోజు దాకా."

"రోజుకు ఎన్ని?"

చెప్పాను. నిలబడే రాసుకుంది. "నిన్నట్నుంచి ఆ చేతులు ఎందుకలా విదిలిస్తోందో అర్థంకాక ఒక్కొక్కటీ వెతుకుతున్నాం. పొగాకు ఆగిపోయినా అలా అవుతుంది. ఇప్పుడైనా చెప్పారు, మంచిది" అంది. ఆవిడ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు తేలికయ్యేది. వెళ్ళబోతూ ఆగి, "నేను అడిగింది ఆవిణ్ణి" అంది. అంతే అంది.

హాల్లోకి వచ్చి బావ పక్కన కూర్చున్నాను. ఆయనకు కూడా చెప్పాలి. ముప్పై ఏళ్ళు దాచింది ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

"బావా, అక్క చుట్ట మానలేదు. నేనే తెచ్చిచ్చేవాణ్ణి."

బావ ఎదురుగా గోడ చూస్తున్నాడు.

"నాకు తెలుసు" అన్నాడు.

"ఎప్పట్నించి?"

"ఎప్పట్నించేటి. మొదట్నించి. దిమ్మ పగలగొట్టి వాసన చూస్తే అది ఏ ఊరి బెల్లమో చెప్తాను. ఇంట్లో ఆడమనిషి పొగ తాగితే తెల్దేటి నాకు? నువ్వు పేపరు పొట్లం పట్టుకొచ్చిన రోజున మీయక్క నాకు కూర ఎక్కువేసేది. అదీ తెలుసు. తెలుసని తెలిస్తే సిగ్గుపడుతుందని ఊరుకున్నాను."

"మరి ఆ రోజు డాక్టరమ్మ అడిగినప్పుడు?"

"నువ్వు లేదన్నావు. బావమరిది అబద్ధం చెప్తన్నాడని ఆవిడ ముందర అనమంటావేటి?"

ఆ చిన్న గదిలో నలుగురం ఉన్నాం. ముగ్గురికి తెలుసు. బావకు తెలియకూడదని నేనూ అక్కా, అక్క సిగ్గుపడకూడదని బావా నోరు మూసుకున్నాం. తెలియవలసిన నాలుగో మనిషికి తెలియలేదు.

తొమ్మిది రోజులు మిషను మీద ఉంది. ఆ హాల్లో మాతోపాటు కూర్చున్నవాళ్ళు కొందరు ఇంటికెళ్ళారు, కొందరు కాగితాల మీద సంతకం పెట్టి వేరే ద్వారం నుంచి వెళ్ళారు. లోపలినుంచి పేరు పిలిస్తే ఏ రకం పిలుపో గొంతును బట్టి తెలిసిపోయేది. పదోరోజు గొట్టం తీశారు. అక్క బతికింది. మార్చి చివర్లో ఇంటికి తెచ్చాం. రెండు గదులు నడవడానికి మధ్యలో కుర్చీ వేయాల్సి వచ్చేది.

ఆసుపత్రిలో చివరి రోజున పెద్ద డాక్టరు, ఏప్రిల్లో కీమో మొదలుపెట్టాలన్నాడు. గడ్డ తీసినా కంటికి కనిపించనివి మిగిలి ఉండొచ్చు, వాటికి త్వరగా మందు పడాలి, ఆలస్యమైతే మందు చేసే మేలు తగ్గుతుంది. ఏప్రిల్లో తీసుకెళితే అక్క బరువు చూసి వెనక్కి పంపారు. మేలో మళ్ళీ జ్వరం. జూన్ నెలాఖరుకు మొదలైంది, అదీ తక్కువ మోతాదులో. నేను ఇంటికొచ్చి క్యాలెండరు దించి మేకు పీకేశాను. వారాలు లెక్కపెట్టడం భరించలేకపోయాను.

జులైలో ఒక సాయంత్రం అక్కకు జావ తాగిస్తున్నాను. తనే ఎత్తింది.

"నాను సెప్పీదాన్నేరా ఆ రోజు."

"ఏటక్కా?"

"ఆ డాట్రమ్మ నా మొకం సూసి అడిగింది. మంచిగా అడిగింది. సెప్పేద్దారనే నోరు తెరిసేను. ఈలోగా నువ్వు సెప్పేసేవు."

నేను గిన్నె కింద పెట్టి ఆమె మూతి తుడిచాను.

"మీ బావ వెనకాల ఉన్నాడని గదా నువ్వలగన్నావు. నా మంచికే గదా" అంది. నిందించడానికి అనలేదు. తర్వాత కొంటెగా చూసి, "జోబులో ఉందేటి ఒకటి?" అంది. లేదన్నాను. నవ్వబోయి, కుట్ల దగ్గర నొప్పి పుట్టి కడుపు పట్టుకుంది.

నవంబరు స్కానులో కాలేయంలో మచ్చలు కనిపించాయి. అప్పటికి ఇంట్లో అందరికీ ముందే తెలిసినట్టు ఉంది. జనవరిలో, మార్కెట్టుకు కొత్త బెల్లం దిగుతున్న రోజుల్లో, పగటిపూట, బావ నీళ్ళు పట్టుకొచ్చేలోపు పోయింది.

పెద్దకర్మ అయ్యాక నేను ఒక్కణ్ణే విశాఖ వెళ్ళి మత్తు డాక్టరును కలిశాను. ఆ రోజు నిజం చెప్పి ఉంటే బతికేదా అని అడిగాను. "అది నేను చెప్పలేను. ఆ గడ్డ నిజం చెప్పినా తిరిగొచ్చి ఉండొచ్చు. కొన్ని వారాలు పొగ మానిపించి, ఊపిరి బాగుచేసి ఉంటే నిమోనియాకు అవకాశం తగ్గేది. మందు ఏప్రిల్లో పడేది. అంతవరకే నాకు తెలుసు. అంతకంటే చెబితే అబద్ధమవుతుంది" అంది. నన్ను ఓదార్చడానికి కూడా ఆవిడ ఒక మాట కలపలేదు. అందుకు నేను కృతజ్ఞుణ్ణి.

ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా ఇంట్లో ఆపరేషను ఉంటే, నేను చెప్పగలిగింది ఒకటే. కోసే డాక్టరు గురించి పదిమందిని వాకబు చేస్తాం. మత్తు డాక్టరు దగ్గర పది నిమిషాలు కూర్చోబెట్టి తీసుకొస్తాం. ఆ పది నిమిషాల్లో ఆవిడ అడిగే ప్రశ్నలు మామూలుగా ఉంటాయి. మెట్లెక్కగలవా, పన్ను కదులుతోందా, ఏం తాగుతావు. వాటిలో ఒకదానికి పరువు కోసం జవాబు చెబితే, దాని ఫలితం మూడోరోజు కనిపిస్తుంది, లేదా మూడు నెలలకు.

ఈ ఏడు బావకు హెర్నియా వచ్చింది. చిన్న ఆపరేషనే. ఆ ముందు పరీక్షకు నేనూ వెళ్ళాను. కుర్రడాక్టరు కాగితం తీసి, "మందు అలవాటుందా?" అన్నాడు. బావ అలవాటుగా నావైపు చూశాడు. నేను లేచి బయటికొచ్చి తలుపు దగ్గరగా వేశాను. లోపల పావుగంట మాట్లాడాడు. ఏం చెప్పాడో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

మా ఇంట్లో ఇప్పుడు డాక్టరు ఒకరిని అడిగితే ఇంకొకరు జవాబు చెప్పడం లేదు.